డ్రిఫ్టర్స్: గొంతులు మారాయి, బోర్డు మారలేదు

1953లో వచ్చిన ‘మనీ హనీ’, 1959 నాటి ‘దేర్ గోస్ మై బేబీ’, 1962 నాటి ‘అప్ ఆన్ ద రూఫ్’, 1964 నాటి ‘అండర్ ద బోర్డ్‌వాక్’. ఈ నాలుగు పాటల్నీ వరసగా ఎవరికైనా వినిపించి, ఇవన్నీ ఒకే గ్రూపు పాడినవి అంటే ఒక పట్టాన నమ్మరు. నమ్మకపోవడంలో తప్పు కూడా లేదు. మొదటి పాటలో లీడ్ పాడింది క్లైడ్ మెక్‌ఫాటర్, రెండోదాంట్లో బెన్ ఇ. కింగ్, మూడోదాంట్లో రూడీ లూయిస్, నాలుగోదాంట్లో జానీ మూర్. లీడ్ సంగతి అలా ఉంచితే, మొదటి పాటలో వెనక కోరస్ పాడినవాళ్లలో ఒక్కరంటే ఒక్కరు కూడా రెండో పాట నాటికి లేరు. అయినా నాలుగు రికార్డుల మీదా ఉన్న పేరు ఒకటే: ద డ్రిఫ్టర్స్.

అమెరికన్ పాప్ చరిత్ర రాసేవాళ్లు ఈ కథని మామూలుగా “ఇంతమంది వెళ్లిపోయినా ఎలా నిలబడిందో చూడండి” అన్న ధోరణిలో చెబుతారు. నిజానికి మనుషులు మారుతూ ఉండటం వల్లే ఆ గ్రూపు పదేళ్లకి పైగా పాతబడకుండా వినిపించింది. మరి మనుషులు అంత తరచుగా ఎందుకు మారారంటే, పాడేవాడికి ఆ పేరులో పైసా వాటా లేదు కాబట్టి. ఈ రెండూ విడివిడి సంగతులు కావు, ఒకటి లేకుండా రెండోది జరిగేది కాదు.

ముందుగా ఒక విషయం తెలిసుండాలి. డ్రిఫ్టర్స్ లాంటివి వోకల్ గ్రూపులు, బీటిల్స్ లాగా గిటార్లూ డ్రమ్సూ పట్టుకున్న బ్యాండ్లు కావు. నలుగురైదుగురు గాయకులు ఉంటారు, ఒకరు లీడ్ పాడితే మిగతావాళ్లు కింది గొంతూ పై గొంతూ పంచుకుని కోరస్ ఇస్తారు. వాయించేది స్టూడియోకి కూలికి వచ్చే వాద్యకారులు, రాసేది బయటి రచయితలు, ఏ పాట పాడాలో నిర్ణయించేది రికార్డు కంపెనీ. ఇలాంటి ఏర్పాటులో ఒక గొంతు తీసేసి ఇంకో గొంతు పెట్టడం సాంకేతికంగా పెద్ద కష్టమేమీ కాదు. కష్టమల్లా శ్రోతలు ఒప్పుకోవడం దగ్గరే.

మొదట్లో మాత్రం ఇది పక్కాగా ఒక మనిషి కోసం పుట్టిన గ్రూపు. క్లైడ్ మెక్‌ఫాటర్‌ది నార్త్ కరొలైనాలోని డర్హమ్, చర్చి పాటల్లో పెరిగినవాడు, పలచటి పై గొంతు, దాంట్లో ఏడుపూ అల్లరీ రెండూ పలికేవి. 1950 నుంచి బిల్లీ వార్డ్ నడిపిన ‘డొమినోస్’ గ్రూపుకి లీడ్ పాడాడు. జనం వస్తున్నది ఆయన గొంతు కోసమే, కానీ పోస్టర్ మీద పేరు వార్డ్‌ది. ఒక్కోసారి ఆయన్ని వార్డ్ తమ్ముడని, ‘క్లైడ్ వార్డ్’ అని పరిచయం చేసేవారట. గొంతు ఇచ్చినవాడికి తన ఇంటిపేరు కూడా దక్కలేదన్నమాట.

1953లో అట్లాంటిక్ రికార్డ్స్ అధిపతుల్లో ఒకడైన అహ్మెట్ ఎర్టిగన్ న్యూయార్క్‌లోని బర్డ్‌లాండ్ క్లబ్బుకి డొమినోస్ కార్యక్రమం చూడ్డానికి వెళ్లాడు. స్టేజి మీద మెక్‌ఫాటర్ కనపడలేదు. విషయం కనుక్కుంటే వార్డ్ ఆయన్ని తీసేశాడని తెలిసింది. ఎర్టిగన్ అక్కడ ఆగకుండా హార్లెమ్‌లో మెక్‌ఫాటర్ ఎక్కడున్నాడో వెతికి పట్టుకుని సంతకం చేయించుకున్నాడు. గ్రూపు తర్వాత వచ్చింది. మెక్‌ఫాటర్ ముందు తన పాత చర్చి బృందంలోని కుర్రాళ్లని తెచ్చాడు, వాళ్లతో కుదరలేదు. రెండోసారి బిల్ పింక్నీ, థ్రాషర్ అన్నదమ్ములు వగైరాలతో కట్టిన జట్టు కుదిరింది. జెస్సీ స్టోన్ రాసిన ‘మనీ హనీ’ రిథమ్ అండ్ బ్లూస్ చార్టులో, అంటే నల్లజాతి శ్రోతల్లో నడిచే పాటల పట్టికలో, 11 వారాలు ఒకటో స్థానంలో కూర్చుంది. 1954లో ‘హనీ లవ్’ కూడా ఒకటో స్థానమే. అదే ఏడాది పాడిన ‘వైట్ క్రిస్మస్’లో పింక్నీ మంద్ర స్వరంతో మొదలుపెడితే మెక్‌ఫాటర్ పైనుంచి అందుకుంటాడు. అంటే లీడ్ ఒక్కడికే కట్టేసి ఉండాల్సిన పని లేదన్న సంగతి ఆ పాటలోనే తెలుస్తోంది.

1954లో మెక్‌ఫాటర్‌కి సైన్యం నుంచి పిలుపొచ్చింది. తిరిగొచ్చాక 1955లో ఒంటరిగా పాడదామనుకున్నాడు, అది ఆయన ఇష్టం. కానీ వెళ్తూ వెళ్తూ చేసిన పనే తర్వాతి యాభై ఏళ్ల కథని నిర్ణయించింది: గ్రూపు పేరులో తనకున్న వాటాని మేనేజర్ జార్జ్ ట్రెడ్‌వెల్‌కి అమ్మేశాడు. ట్రెడ్‌వెల్ ఒకప్పుడు ట్రంపెట్ వాయించినవాడు, ప్రఖ్యాత జాజ్ గాయని సారా వాన్‌కి మాజీ భర్త, మాజీ మేనేజర్, వ్యాపారం బాగా తెలిసిన మనిషి. ఇక ఆ రోజు నుంచి డ్రిఫ్టర్స్ అంటే ట్రెడ్‌వెల్ సొత్తు. లోపల పాడేవాళ్లంతా జీతగాళ్లు. రికార్డు ఎన్ని లక్షలు అమ్ముడైనా వాళ్లకి వారం జీతమే.

దీని ఫలితం వెంటనే కనపడింది. మెక్‌ఫాటర్ స్థానంలో ముందు అచ్చం ఆయనలాగే పాడే డేవిడ్ బాన్‌ని పెట్టారు. ఎక్కువకాలం నిలవలేదు. తర్వాత జానీ మూర్ వచ్చాడు, 1955లో ‘అడోరబుల్’, 1956లో ‘రూబీ బేబీ’ హిట్లయ్యాయి. 1956లోనే జీతం పెంచమని అడిగిన పాపానికి పింక్నీ ఉద్యోగం పోయింది. 1957లో మూర్ కూడా సైన్యానికి వెళ్లాడు, బాబీ హెండ్రిక్స్ వచ్చాడు. ఇలా నడుస్తూ గ్రూపు మెల్లగా చల్లబడింది. ఈ దశని పెద్దగా చెప్పుకోవాల్సిన పని లేదు, ఒక్క ముక్క తప్ప: ఇక్కడ గొంతులు మారాయి గానీ పాట చేసే పద్ధతి మారలేదు. ఉత్త గొంతు మారినంత మాత్రాన గ్రూపుకి కొత్త ఊపు రాదని ఈ మూడేళ్లూ చెబుతున్నాయి.

1958 వేసవిలో హార్లెమ్‌లోని అపోలో థియేటర్ దగ్గర గొడవ ముదిరింది. ట్రెడ్‌వెల్ మొత్తం గ్రూపుని ఒక్క దెబ్బతో తీసేశాడు. కానీ ఏటా ఇన్నిసార్లు డ్రిఫ్టర్స్ వచ్చి పాడతారని అపోలోతో ముందే ఒప్పందం ఉంది. డ్రిఫ్టర్స్ లేకుండా డ్రిఫ్టర్స్ కార్యక్రమం ఎలా? ఆయనకి అది సమస్యే కాలేదు. ‘ఫైవ్ క్రౌన్స్’ అనే ఇంకో కుర్రాళ్ల గ్రూపు అక్కడే పాడుతోంది, వాళ్ల మేనేజర్‌తో మాట్లాడుకుని వాళ్లకే డ్రిఫ్టర్స్ అని పేరు పెట్టేశాడు. చార్లీ థామస్, డాక్ గ్రీన్, ఎల్స్‌బెరీ హాబ్స్, ఇంకా బెంజమిన్ నెల్సన్ అనే పంతొమ్మిదేళ్ల కుర్రాడు. ఆ నెల్సనే తర్వాత బెన్ ఇ. కింగ్ అయ్యాడు.

తర్వాత పది నెలల పాటు ఈ కొత్తవాళ్లు ఊళ్లు పట్టుకు తిరిగారు, వెళ్లిన చోటల్లా చీవాట్లే. టికెట్ కొన్నవాడు ‘రూబీ బేబీ’ పాడిన మనుషుల్ని చూద్దామని వస్తే, స్టేజి మీద ఎవరో తెలియని మొహాలు ఆ పాట పాడుతున్నాయి. కడుపు మండదా మరి. శ్రోతలు ఒప్పుకోవడం కష్టమని పైన అన్నది ఇదే. పేరు చూసి టికెట్ కొంటారు, కానీ గొంతు వినకుండా చప్పట్లు కొట్టరు.

ఇక్కడినుంచి కథ స్టూడియోలోకి మారుతుంది, అసలు మలుపు అక్కడే ఉంది. 1959 మార్చిలో అట్లాంటిక్ ఈ కొత్త గ్రూపుని జెర్రీ లీబర్, మైక్ స్టోలర్ అనే రచయిత-నిర్మాతల జోడీకి అప్పగించింది. పాట ‘దేర్ గోస్ మై బేబీ’. లీడ్ పాడాల్సింది చార్లీ థామస్. మైకు ముందుకి వచ్చేసరికి ఆయన టెన్షన్‌తో బిగుసుకుపోయాడు, దాంతో పాట రాయడంలో చెయ్యి వేసిన నెల్సన్‌నే పాడమన్నారు. అంటే డ్రిఫ్టర్స్ చరిత్రలోకెల్లా పెద్ద లీడ్ సింగర్ ఒక రకంగా ఖాళీ పూరించడానికి వచ్చినవాడే. స్టోలర్ ఆ పాటకి వయొలిన్లూ చెల్లో పెట్టాడు, రిథమ్ అండ్ బ్లూస్ పాటలో అప్పటికి అది వింత. కింద బ్రెజిల్ నుంచి వచ్చిన ‘బయావ్’ నడక. పెద్ద టింపనీ డ్రమ్ము వాయించినవాడికి దాన్ని శ్రుతి మార్చడం రాకపోవడంతో, పాట ఏ స్వరం మీదికి వెళ్లినా అది మాత్రం ఒకే స్వరం మీద మోగుతూ కూర్చుంది. వీటన్నిటి మధ్యలో చర్చిలో ప్రార్థన చేస్తున్నట్టు, కొంచెం దూరం నుంచి పిలుస్తున్నట్టు కింగ్ గొంతు.

అట్లాంటిక్ పెద్దల్లో ఇంకొకడైన జెర్రీ వెక్స్‌లర్‌కి ఇది ఒక్క ముక్క కూడా నచ్చలేదు, రేడియోలో రెండు స్టేషన్లు కలిసిపోయి వినపడుతున్నట్టుందన్నాడు. రికార్డు కొన్నాళ్లు అలా పక్కన పడి ఉంది. తీరా విడుదలయ్యాక పాప్ చార్టులో రెండో స్థానం, రిథమ్ అండ్ బ్లూస్‌లో ఒకటో స్థానం. తర్వాత పదేళ్లలో అమెరికన్ సోల్ పాటల్లో వయొలిన్లు మామూలైపోవడానికి దారి వేసింది ఈ పాటే అంటే అతిశయోక్తి కాదు. పాత గ్రూపే ఉండి ఉంటే ఈ ప్రయోగం జరిగేదా? బహుశా జరిగేది కాదు. హిట్లు ఇచ్చి స్థిరపడిన గాయకుల మీద అంత సాహసం చేయడానికి ఏ కంపెనీ అయినా జంకుతుంది, చేయబోయినా ఆ గాయకులు ఎదురు చెబుతారు. పది నెలలుగా తిట్లు తింటున్న కుర్రాళ్లకి పోగొట్టుకోవడానికి ఏముంది!

అన్నట్టు, ఆ పాట రచయితలుగా రికార్డు మీద మూడు పేర్లున్నాయి: నెల్సన్, ఫైవ్ క్రౌన్స్ మేనేజర్ లవర్ ప్యాటర్సన్, జార్జ్ ట్రెడ్‌వెల్. మేనేజర్లు రచయితలెలా అయ్యారని అడిగేవాళ్లు ఆ రోజుల్లో లేరు.

తర్వాత ఏడాదంతా కింగ్ గొంతుదే. ‘దిస్ మ్యాజిక్ మూమెంట్’, ఆ తర్వాత ‘సేవ్ ద లాస్ట్ డాన్స్ ఫర్ మీ’. ఈ రెండోదాన్ని రాసిన డాక్ పోమస్ చిన్నప్పుడే పోలియో బారిన పడ్డాడు, చేతికర్రల మీద నడిచేవాడు. ఆయన భార్య నటి, ఆమె ఇతరులతో డాన్స్ చేస్తుంటే చూస్తూ కూర్చున్న మనిషి రాసిన పాట అది. ఎవరితోనైనా ఆడు, చివరి డాన్స్ మాత్రం నాకోసం ఉంచు అనే ఆ మాటలో ఈర్ష్యా బతిమాలుకోవడమూ కలగలిసి ఉంటాయి. కింగ్ గొంతు దాన్ని ఏ మాత్రం ఏడుపుగొట్టుగా కాకుండా, దాదాపు నవ్వుతూ పాడినట్టు పాడింది. 1960 అక్టోబరులో పాప్ చార్టులో ఒకటో స్థానానికి చేరింది, డ్రిఫ్టర్స్‌కి ఆ స్థానం దక్కిన ఒకే ఒక్క పాట ఇది.

తమాషా ఏంటంటే, ఆ పాట ఒకటో స్థానంలో ఉన్నప్పటికి కింగ్ గ్రూపులో లేడు. జీతం పెంచమని, రాయల్టీలో న్యాయమైన వాటా ఇమ్మని అడిగాడు, ట్రెడ్‌వెల్ కుదరదన్నాడు. అంతకుముందు నుంచే ఈ పేచీ వల్ల ఆయన గ్రూపుతో టూర్లకీ టీవీ కార్యక్రమాలకీ పెద్దగా వెళ్లేవాడు కాదు. టీవీలో కింగ్ పాడిన రికార్డు వెనక మోగుతుంటే చార్లీ థామస్ ముందు నిలబడి పెదవులు కదిపేవాడు. ప్లేబ్యాక్‌కి అలవాటుపడ్డ తెలుగువాళ్లకి ఇది పెద్ద వింతగా అనిపించకపోవచ్చు, కానీ మన దగ్గర ఘంటసాల పాడాడని అందరికీ తెలుసు, పాటల పుస్తకం మీదా ఆయన పేరుండేది. అక్కడ చూసేవాడికి ఎదురుగా పాడుతున్నవాడే గాయకుడు. మైకు ముందు భయపడి లీడ్ వదులుకున్న మనిషి, ఆ లీడ్ తనదే అన్నట్టు దేశం ముందు నటించాల్సి రావడం ఎలా ఉండి ఉంటుందో.

కింగ్ బయటికెళ్లి నష్టపోలేదు. 1960 అక్టోబరు 27న ఒకే రోజు ‘స్పానిష్ హార్లెమ్’, ‘స్టాండ్ బై మీ’ రెండూ రికార్డు చేశాడు. మెక్‌ఫాటర్ విషయంలోనూ మొదట అలాగే జరిగింది, 1958లో ఆయనకీ సొంతంగా పెద్ద హిట్ వచ్చింది. కానీ ఆ వెలుగు ఎక్కువకాలం నిలవలేదు, 1972లో ముప్పై తొమ్మిదేళ్లకే పోయాడు. బయటికి వెళ్లినవాడికి తన సొంత పేరు దొరికేది, అంతే; ఆ పేరు పాటని ఎన్నాళ్లు మోయగలదన్నది వాడి అదృష్టం. లోపల ఉన్నవాడికి పాట దొరికేది, పేరు దొరికేది కాదు.

కింగ్ స్థానంలో రూడీ లూయిస్ వచ్చాడు. క్లారా వార్డ్ చర్చి బృందంలో పాడి వచ్చినవాడు. ఈయన గురించి జనానికి తెలిసింది చాలా తక్కువ, ఈ నలుగురిలో అందరికంటే అన్యాయం జరిగింది కూడా ఈయనకే అనిపిస్తుంది. కింగ్‌ది పిలుపు లాంటి గొంతైతే లూయిస్‌ది మాట్లాడుతున్నట్టుండే గొంతు, శుభ్రంగా, ఆర్భాటం లేకుండా. సరిగ్గా అప్పుడే న్యూయార్క్‌లో పాటల కంపెనీలకి నిలయమైన బ్రిల్ బిల్డింగ్ చుట్టుపక్కల చిన్న చిన్న గదుల్లో కూర్చుని రాసే కుర్ర రచయితలు నగర జీవితం గురించి పాటలు కట్టడం మొదలుపెట్టారు. కరోల్ కింగ్, జెర్రీ గాఫిన్ ఇచ్చిన ‘అప్ ఆన్ ద రూఫ్’ 1962లో వచ్చి పాప్ చార్టులో ఐదో స్థానం దాకా వెళ్లింది: కింద వీధిలో తోపులాట, గొడవ, మేడ మీదికెళ్తే గాలి, నక్షత్రాలు. అద్దె ఇళ్లలో పెరిగిన ఎవరికైనా తగిలే మాట. 1963లో ‘ఆన్ బ్రాడ్‌వే’. అది మొదట న్యూయార్క్ నాటకశాలల వీధి బ్రాడ్‌వే గురించి కలలు కనే అమ్మాయి పాటగా తయారైంది, లీబర్, స్టోలర్ కూర్చుని రచయితలతో కలిసి తిరగరాశాక జేబులో చిల్లిగవ్వ లేకుండా గిటారుతో నగరానికి వచ్చిన కుర్రాడి పాటైంది. ఆ గిటారు ముక్క వాయించింది నిర్మాతగా పేరుపడ్డ ఫిల్ స్పెక్టర్. ఈ రెండు పాటల్నీ కింగ్ గొంతులో ఊహించుకుంటే ఎక్కడో అతకదు, కొంచెం ఎక్కువ బరువైపోతాయి.

ఇలా ఒక్కో గొంతుకీ ఒక్కో రకం పాట దొరికింది. మరి అన్నేళ్లూ మారకుండా ఉన్నదేంటి? గాయకులు కారు, అట్లాంటిక్ స్టూడియో, అక్కడి నిర్మాతలు, బయట వరసలో నిలబడ్డ రచయితలు. ఆ స్టూడియో పద్ధతి ఎంత పటిష్టమంటే, డ్రిఫ్టర్స్ రికార్డింగుకి వెనక కోరస్ పాడ్డానికి వచ్చిన ఒక అమ్మాయి పాటలు కట్టే బర్ట్ బకరాక్ కంట్లో పడింది. తర్వాత పెద్ద గాయనిగా వెలిగిన డియోన్ వార్విక్ ఆమే.

1964 మే 21న ‘అండర్ ద బోర్డ్‌వాక్’ రికార్డింగ్ పెట్టుకున్నారు. లీడ్ లూయిస్‌ది. సరిగ్గా ఆ ముందు రోజు రాత్రి రూడీ లూయిస్ చనిపోయాడు, ముప్పై ఏళ్లు కూడా నిండలేదు. రికార్డింగ్ ఆగలేదు. స్టూడియో బుక్ అయింది, వాద్యకారులు వచ్చేశారు, వయొలిన్ల నొటేషన్ రాసి ఉంది. సైన్యం నుంచి వచ్చి, మధ్యలో సొంతంగా ప్రయత్నించి, మళ్లీ గ్రూపులో చేరిన జానీ మూర్‌ని మైకు ముందు నిలబెట్టారు. సముద్రపు ఒడ్డున చెక్కబాట కింద ప్రేయసితో దుప్పటి పరుచుకు కూర్చునే హాయైన వేసవి పాట అది, మాటల్లో ఎక్కడా విచారం లేదు. అయినా వినేటప్పుడు ఆ గొంతులో ఏదో అణిగి ఉన్నట్టనిపిస్తుంది. సంగతి తెలిసి వినడం వల్ల అలా అనిపిస్తోందేమో, ఖాయంగా చెప్పలేం. పాట నాలుగో స్థానం దాకా వెళ్లింది. బీటిల్స్ దెబ్బకి అమెరికన్ గ్రూపులు ఒక్కొక్కటే చార్టుల్లోంచి రాలిపోతున్న ఏడాది అది.

ఒక మనిషి చనిపోయిన మర్నాడే అతని పాట ఇంకొకరితో పాడించి హిట్ చేయగలిగిన ఏర్పాటుని మెచ్చుకోవాలో, చీదరించుకోవాలో తేల్చుకోవడం కష్టం. రెండూ చేయొచ్చు.

ఇది డ్రిఫ్టర్స్‌కే పరిమితమైన సంగతేం కాదు. డెట్రాయిట్‌లో మోటౌన్ కంపెనీ గ్రూపు టెంప్టేషన్స్ చూడండి. మొదట్లో లీడ్ పాడింది ఎడ్డీ కెండ్రిక్స్, పాల్ విలియమ్స్. వెనక నిలబడ్డ డేవిడ్ రఫిన్ గరుకు గొంతు విని, అది తీపి పాటలో ఎలా ఉంటుందో చూద్దామని మోటౌన్ రచయిత, నిర్మాత స్మోకీ రాబిన్‌సన్ ‘మై గర్ల్’ చేశాడు, 1965లో అది ఒకటో స్థానం. 1968లో రఫిన్‌ని తీసేసి డెనిస్ ఎడ్వర్డ్స్‌ని తెచ్చారు, వెంటనే నిర్మాత నార్మన్ విట్‌ఫీల్డ్ ‘క్లౌడ్ నైన్’తో గ్రూపు శబ్దాన్నే తలకిందులు చేసి, లీడ్‌ని ఐదుగురికీ ముక్కలు ముక్కలుగా పంచాడు. మోటౌన్‌కి మొదటి గ్రామీ తెచ్చింది ఆ పాటే. ఇక్కడా అదే లెక్క, గొంతు మారిన అదను చూసుకుని పాట తీరు మార్చారు. తేడా ఎక్కడంటే టెంప్టేషన్స్‌లో వ్యవస్థాపకుడు ఓటిస్ విలియమ్స్ మొదటినుంచీ లోపలే ఉన్నాడు, గ్రూపుకి ఒక జ్ఞాపకం ఉంది. డ్రిఫ్టర్స్‌లో 1958 తర్వాత ఆ జ్ఞాపకం మేనేజర్ ఆఫీసు ఫైళ్లలోనే.

ఈ పద్ధతి ఎంతకాలం పనిచేసింది? కొత్త గొంతుకి కొత్త పాట ఇచ్చే మనుషులు ఉన్నంతకాలం. లీబర్, స్టోలర్ 1963లో అట్లాంటిక్ వదిలేశారు. తర్వాత వచ్చిన నిర్మాత బర్ట్ బర్న్స్ ఏడాది రెండేళ్లు బాగానే నెట్టుకొచ్చాడు, ఆ తర్వాత అమెరికాలో హిట్లు ఆగిపోయాయి. 1967లో ట్రెడ్‌వెల్ చనిపోయాడు, వ్యాపారం ఆయన భార్య ఫే చేతికొచ్చింది. ఆమె 1970ల మొదట్లో గ్రూపుని ఇంగ్లండు తీసుకెళ్లింది, అక్కడి రచయితలు కొత్త పాటలిచ్చారు, 1974లో ‘కిసింగ్ ఇన్ ద బ్యాక్ రో ఆఫ్ ద మూవీస్’ బ్రిటన్ చార్టులో రెండో స్థానం. లీడ్ అప్పుడూ జానీ మూరే. రెండు దేశాల్లో, రెండు కాలాల్లో ఆ బోర్డు కింద పాడి హిట్ కొట్టిన ఏకైక మనిషి ఆయన. దారిన పోయేవాళ్లని ఆయన పేరు అడిగితే చెప్పేవాళ్లు ఎంతమంది ఉంటారు?

మరోపక్క పాత సభ్యులు ఊరుకోలేదు. బిల్ పింక్నీ ‘ఒరిజినల్ డ్రిఫ్టర్స్’ అని సొంత గ్రూపు నడిపాడు, చార్లీ థామస్ తన డ్రిఫ్టర్స్‌తో తిరిగాడు. వీళ్లు కనీసం ఆ రికార్డుల్లో పాడినవాళ్లు. ఏ రికార్డులోనూ పాడనివాళ్లు కూడా అదే పేరుతో క్లబ్బుల్లో, ఓడల్లో పాడటం మొదలయ్యాక పేచీలు కోర్టులకెక్కాయి. 2000ల మధ్య నుంచి అమెరికాలో చాలా రాష్ట్రాలు దీని కోసమే చట్టాలు చేశాయి: అసలు రికార్డులో పాడిన సభ్యుడు ఒక్కడైనా ఉండాలి, లేదా పేరు మీద చట్టబద్ధమైన హక్కు ఉండాలి, లేదా ఇది ఆ గ్రూపుకి నివాళి అని బోర్డు మీద రాయాలి. ఆ రెండో మాట గమనించండి. హక్కు కాగితం చేతిలో ఉంటే పాడినవాడు ఒక్కడూ లేకపోయినా నడుస్తుంది, అంటే 1958లో ట్రెడ్‌వెల్ చేసిన పని ఈ చట్టం కింద కూడా తప్పు కాదు.

1988లో రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్ డ్రిఫ్టర్స్‌ని చేర్చుకున్నప్పుడు ఎవరి పేర్లు రాయాలన్న ప్రశ్న వచ్చి తీరుతుంది కదా. ఏడుగురిని ఎంచారు: మెక్‌ఫాటర్, పింక్నీ, గెర్హార్ట్ థ్రాషర్, మూర్, కింగ్, థామస్, లూయిస్. ఈ ఏడుగురూ కలిసి ఒక్క పాట కూడా పాడలేదు. అప్పటికే మెక్‌ఫాటర్, లూయిస్, థ్రాషర్ లేరు. ట్రెడ్‌వెల్ పేరు మాత్రం ఆ జాబితాలో లేదు.